గాజుపోగులో గట్టిగా అరవొద్దు

(ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం రోజున విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాటలను మాట్లాడినట్టే ఉంచాం. బోర్డు మీద వేసిన లెక్కలను మాత్రం వాక్యాల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఈ వరసలో ఖాళీలున్నాయి.

ఈ రోజు రామన్ గారి రోజు. ఆయన 1928లో ఇదే తేదీన తన ఆవిష్కరణను ప్రకటించారు. ఈ ఊరితో ఆయనకు దగ్గర సంబంధం ఉంది. వాళ్ల నాన్నగారు ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. రామన్ గారి బడి చదువు ఇక్కడే సాగింది. 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మీరు రోజూ చూసే సముద్రాన్ని ఆ పిల్లవాడూ చూశాడు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, 1921లో ఆయన ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తూ సముద్రం నీలంగా ఎందుకుందని ఆలోచించారు. ఆకాశం నీలం నీళ్లలో ప్రతిఫలిస్తోందని అంతకుముందు ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రాలీ చెప్పారు. రామన్ గారు చేతిలో ఉన్న చిన్న పట్టకంతో ఆ ప్రతిఫలించే వెలుగును ఆపేసి చూశారు. అయినా సముద్రం నీలంగానే ఉంది. అంటే నీరే వెలుగును చెదరగొడుతోంది.

రాలీ, రామన్. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుపెట్టుకోండి. మీ ఫోన్లో వీడియో కాల్ అమెరికాలో ఉన్న మీ అక్కయ్యకు చేరాలంటే, సముద్రం అడుగున ఉన్న గాజుపోగులో ఈ ఇద్దరు చెప్పిన విషయాలే నడుస్తుంటాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఫైబర్ లైన్ల మీద, అంటే ఈ గాజుపోగుల మీద పనిచేశాను. ఈ పూట మీకు చెప్పాలనుకున్నది ఒక్కటే విషయం. సిగ్నల్ దూరం వెళ్లాలంటే శక్తి పెంచాలని అందరికీ మొదట తోస్తుంది. నాకూ అలాగే తోచేది. మైకులో వినబడకపోతే వాల్యూమ్ పెంచుతాం కదా. ఫైబర్‌లో ఆ దారి ఎక్కడికీ పోదు. లెక్క వేసి చూపిస్తాను.

మామూలు మంచి ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టం ఉంటుంది. మేం డీబీ అంటాం. 3 డీబీ పోయిందంటే సగం పోయినట్టు. అంటే 15 కిలోమీటర్లకు వెలుగు సగమవుతుంది. 100 కిలోమీటర్లకు 20 డీబీ పోతుంది, నూటికి ఒక వంతు మిగులుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. 1,000 కిలోమీటర్లయితే? 200 డీబీ. ఒక మిల్లీవాట్ లేజర్ 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సెకనుకు సుమారు 78 కోట్ల కోట్ల ఫోటాన్లను, అంటే వెలుగు కణాలను పంపుతుంది. నేను కోట్లు అని రెండుసార్లు అన్నాను, పొరపాటు కాదు. మధ్యలో ఎవరూ సాయం చేయకపోతే, 1,000 కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషికి మూడున్నర గంటలకు ఒక్క ఫోటాన్ అందుతుంది.

సరే, లేజర్‌ను పదింతలు చేద్దాం. ఇరవై నిమిషాలకు ఒకటి అందుతుంది. ఇంకోలా చెప్పాలంటే పదింతల శక్తి అంటే 10 డీబీ, దానితో కలిసొచ్చే దూరం 50 కిలోమీటర్లు. వెయ్యింతలు చేసినా 150 కిలోమీటర్లే. ఇక్కడి నుంచి రాజమండ్రి కూడా దాటదు. అందుకే ఈ రంగంలో జరిగిన మంచి పనులన్నీ శక్తి పెంచడం మీద కాకుండా వేరే చోట్ల జరిగాయి.

మొదటి పని గాజును శుభ్రం చేయడం. 1966లో ఇంగ్లండులోని హార్లోలో ఛార్లెస్ కావో, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక పత్రం రాశారు. అప్పటి గాజులో కిలోమీటరుకు 1,000 డీబీ పోయేది. 20 మీటర్లు వెళ్లేసరికి నూటికి ఒక వంతే మిగిలేది. ఆ గాజుతో టెలిఫోన్ నడపాలనుకోవడం చాలామందికి వెర్రిగా కనిపించింది. కావో మాత్రం ఏమన్నారంటే, తప్పు గాజుది కాదు, అందులో ఉన్న మలినాలది. ఇనుము, రాగి లాంటి లోహాల జాడలు వెలుగును మింగుతున్నాయి. వాటిని తీసేస్తే కిలోమీటరుకు 20 డీబీ దాకా తేవచ్చు, అది చాలు అన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ ఆ గీత దాటారు. 1979కి జపాన్‌లో 0.2కి తెచ్చారు. 1,000 నుంచి 0.2కి రావడానికి పదమూడేళ్లు పట్టింది. కావో గారికి 2009లో నోబెల్ ఇచ్చారు. అంతకుముందే, 1950ల్లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో గాజుపోగుల కట్టతో బొమ్మను ఇటు నుంచి అటు పంపినవాడు మన పంజాబ్ మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. 'ఫైబర్ ఆప్టిక్స్' అనే మాట జనంలోకి వచ్చింది ఆయన వల్లే.

మరి 0.2 దగ్గర ఎందుకు ఆగింది? ఇక్కడ రాలీ గారు వస్తారు. ఎంత శుభ్రం చేసినా గాజు గాజే. కరిగిన ద్రవం గడ్డకట్టేటప్పుడు ఒకచోట కాస్త చిక్కగా, ఒకచోట కాస్త పలచగా బిగుసుకుపోతుంది. ఆ హెచ్చుతగ్గులకు తగిలి వెలుగు కొద్దికొద్దిగా చెదిరిపోతుంది. ఆకాశం నీలంగా కనబడేదీ ఇలాంటి చెదరడం వల్లే. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఈ చెదరడం చాలా వేగంగా తగ్గుతుంది, నాలుగో ఘాతంలో. 850 నానోమీటర్ల దగ్గర ఉన్నదానిలో 1550 దగ్గర పదకొండో వంతే ఉంటుంది. అలాగని ఇంకా పైకి పోతే గాజు అణువులే పరారుణాన్ని మింగడం మొదలుపెడతాయి. ఆ రెండింటి మధ్య లోయలాంటి చోటు 1550. దూరం వెళ్లే లైన్లన్నీ ఆ చుట్టుపక్కలే నడవడానికి కారణం ఇదే.

రాలీ చెదరడం మనకు శత్రువు అనుకుంటాం. కానీ ఆ చెదిరిన వెలుగులో పిసరంత వెనక్కి కూడా వస్తుంది. లైన్లో ఎక్కడ తెగిందో కనిపెట్టే ఓటీడీఆర్ పరికరం పనిచేసేది ఆ పిసరంత వెలుగు మీదే. ఒక పల్స్ పంపి, వెనక్కి వచ్చేది ఎంతసేపటికి ఎంత వచ్చిందో చూసుకుంటుంది. రాలీ లేకపోతే 80 కిలోమీటర్ల లైన్లో ఎక్కడ తవ్వాలో తెలియక మేం ఊళ్లన్నీ తిరగాల్సి వచ్చేది.

రెండో పని, దారిలో సాయం పెట్టడం. మీలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే 32 కిలోమీటర్లు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు ఉంటారు కాబట్టే అంతమంది తిరిగొస్తున్నారు. మొదట్లోనే కడుపునిండా తినేసి బయలుదేరితే సరిపోతుందా? సరిపోదు. ఎక్కువ తింటే అసలు నడవలేం. కొంచెం కొంచెం దూరంలో కొంచెం కొంచెంగా అందాలి.

మొదట్లో ఈ సాయం చేసేవి రీజనరేటర్లు. వెలుగును పట్టుకుని కరెంటుగా మార్చి, ఒకట్లు సున్నాలు చదివి, మళ్లీ కొత్త లేజర్‌తో పంపేవి. పాతకాలంలో ఒక ఊరి దండోరా విని పక్క ఊళ్లో మళ్లీ దండోరా వేసినట్టు. 1988లో అట్లాంటిక్ కింద వేసిన మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8 అలాగే నడిచింది. ఒక జత పోగులో సెకనుకు 280 మెగాబిట్లు. అప్పటికి అది చాలా గొప్ప. ఇబ్బంది ఏమిటంటే, రీజనరేటర్ ఒక వేగానికే, ఒక రంగుకే పనిచేస్తుంది. సముద్రం అడుగున పెట్టాక వేగం పెంచుకోవాలంటే దాన్ని పైకి తీయాలి.

1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, ఇంచుమించు అదే సమయంలో బెల్ ల్యాబ్స్‌లో ఎమ్మానుయేల్ డెసుర్వీర్ ఈ చిక్కు విప్పారు. గాజుపోగులో కాస్త ఎర్బియం కలిపారు. స్వీడన్‌లో ఇట్టర్బీ అనే ఊరి గని పేరు మీద పిలిచే మూలకం అది. 980 లేదా 1480 నానోమీటర్ల లేజర్‌తో ఎర్బియం అణువులకు శక్తినిస్తే అవి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. 1550 సిగ్నల్ ఫోటాన్ పక్కగా వెళ్లగానే అచ్చం దానిలాంటి ఇంకో ఫోటాన్‌ను విడుదల చేస్తాయి. ఇందులో చదవడం, మళ్లీ రాయడం లేవు. ఏ వేగమైనా, ఎన్ని రంగులైనా ఒకేసారి పెరుగుతాయి. మన లోయ 1550 దగ్గరే ఉండటం, ఎర్బియం కూడా సరిగ్గా అక్కడే వెలుగునివ్వడం ప్రకృతి మనకు చేసిన మేలు. ఒకే పోగులో ఎనభై, తొంభై రంగులు పంపగలుగుతున్నామంటే ఈ మేలు వల్లే.

అయితే ఉచితం ఏదీ లేదు. ఎర్బియం అప్పుడప్పుడు ఎవరూ అడగకుండానే ఫోటాన్ వదిలేస్తుంది. మా భాషలో అది శబ్దం, అంటే నాయిస్. దారిలో తర్వాతి ఆంప్లిఫైయర్, అంటే ఇలా వెలుగును పెంచే ఇంకో ఎర్బియం పోగు, సిగ్నల్‌తో పాటు ఆ శబ్దాన్నీ పెంచుతుంది, తనదీ కలుపుతుంది. సిగ్నల్ బాగా నీరసించాక పెంచితే శబ్దం వాటా ఎక్కువవుతుంది. నీరసించక ముందే అందుకుంటే తక్కువ.

ఇప్పుడు రామన్ గారి దగ్గరకు వద్దాం. ఆయన చూపించింది ఏమిటంటే, చెదిరిన వెలుగులో చాలా చిన్న భాగం, సుమారు కోటికి ఒకటి అనుకోండి, అణువులకు కొంత శక్తి ఇచ్చేసి రంగు మార్చుకుని వస్తుంది. కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్ గారితో కలిసి దీన్ని చూసినప్పుడు వాళ్లు ద్రవాల గురించి ఆలోచిస్తున్నారు. టెలిఫోన్ ఊసే లేదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో అదే పనిని గాజుపోగులో బలవంతంగా చేయించవచ్చని చూపించారు. 1450 నానోమీటర్ల దగ్గర బలమైన లేజర్ పంపిస్తే, గాజు అణువుల కంపనం ద్వారా ఆ శక్తి సుమారు వంద నానోమీటర్ల పైన ఉన్న సిగ్నల్‌కు చేరుతుంది. ఎర్బియం అవసరం లేదు. నేలలో పాతిన ఆ మామూలు ఫైబరే ఆంప్లిఫైయర్ అయిపోతుంది. చాలాచోట్ల ఈ పంప్ లేజర్‌ను అందుకునే చివర నుంచి వెనక్కి కొడతారు. దానివల్ల సిగ్నల్ స్టేషన్‌కు చేరకముందే, చివరి ఇరవై ముప్పై కిలోమీటర్లలోనే బలం పుంజుకుంటుంది. నీరసించక ముందే అందుకోవడం అని ఇందాక అన్నాను చూడండి, అది ఇదే. అడవులు, కొండలు, నదులు దాటే, రెండు స్టేషన్ల మధ్య పొడవైన మజిలీలకు, మధ్యలో స్టేషన్ కట్టలేని చోట్లకు ఇది ప్రాణం.

మళ్లీ గిరి ప్రదక్షిణకు వెళదాం. మీ బృందం మొత్తం ఒకేసారి బయలుదేరుతుంది. హనుమంతవాక వచ్చేసరికి ఏమవుతుంది? చురుకైనవాళ్లు ముందుకు, మిగతావాళ్లు వెనక్కి. మీ వెనక బయలుదేరిన బృందం మీలో కలిసిపోతుంది. ఎవరు ఏ బృందమో తెలియదు. పల్స్‌కు జరిగేది ఇదే, డిస్పర్షన్. పల్స్ ఎంత శుద్ధమైన రంగులా కనబడినా అందులో కొద్ది తేడాతో పక్కపక్క రంగులుంటాయి, గాజులో అవి వేరువేరు వేగాలతో నడుస్తాయి. సెకనుకు 10 గిగాబిట్ల సిగ్నల్ మామూలు ఫైబర్‌లో అరవై డెబ్బై కిలోమీటర్లకే చదవరాకుండా అలుక్కుపోతుంది. వేగం నాలుగింతలు చేస్తే ఈ బాధ పదహారింతలు.

దీనికి మొదట దొరికిన మందు కథ మీరు తప్పకుండా తెలుసుకోవాలి. డిస్పర్షన్ సున్నా అయ్యే చోటు మామూలు ఫైబర్‌లో 1310 దగ్గర ఉంటుంది. పోగు మధ్యభాగం రూపం మార్చి ఆ సున్నాను 1550కి జరిపారు. నష్టమూ తక్కువ, అలుక్కుపోవడమూ లేదు. జపాన్ లాంటి దేశాల్లో ఆ ఫైబర్ చాలా వేశారు. తర్వాత ఎర్బియం వచ్చింది, ఒకే పోగులో చాలా రంగులు పంపడం మొదలైంది. అక్కడ దెబ్బతిన్నారు. డిస్పర్షన్ లేదు కాబట్టి పక్కపక్క రంగులన్నీ చేయి చేయి పట్టుకున్నట్టు ఒకే వేగంతో నడుస్తాయి. కిలోమీటర్ల కొద్దీ ఒకదాన్నొకటి తాకుతూ నడిచేసరికి, వాటి కలయిక నుంచి ఎవరూ పంపని కొత్త రంగులు పుట్టి, వేరే చానళ్ల మీద పడ్డాయి. ఒక్కో రంగూ ఒక్కో చానల్ అన్నమాట. దీన్ని ఫోర్ వేవ్ మిక్సింగ్ అంటారు. కాస్త డిస్పర్షన్ ఉంటేనే మంచిదని అప్పుడు అర్థమైంది.

ఎందుకిలా తాకుతాయి? ఎందుకంటే గాజు వెలుగుకు పూర్తిగా మౌనంగా ఉండదు. వెలుగు తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకం కొద్దిగా మారుతుంది. కెర్ ప్రభావం అంటారు. పోగు నడిమధ్య వెలుగు నడిచే భాగం తొమ్మిది మైక్రాన్లు. మీ వెంట్రుక కంటే చాలా సన్నం. అంత ఇరుకులో కొన్ని మిల్లీవాట్లు కూడా పెద్ద తీవ్రతే. నా చానల్‌లో వెలుగు ఎక్కువైతే మీ చానల్ నడిచే దారే వంకరపోతుంది. అందుకే ప్రతి లైన్‌కూ ఒక సరైన శక్తి ఉంటుంది. దానికి కింద ఉంటే శబ్దం గెలుస్తుంది. దాటితే మన వెలుగే మనకు శబ్దం అవుతుంది. ఈ ప్రసంగానికి గాజుపోగులో గట్టిగా అరవొద్దు అని పేరు పెట్టింది ఈ అర్థంలోనే.

నాకు ఇది పుస్తకంలో కాదు, ఒక రాత్రి బాగా తెలిసొచ్చింది. ఎక్కడ, ఏ సంస్థలో అన్నది అనవసరం. అప్పటిదాకా 1310 మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన పాత లైన్‌ను 1550కి మార్చి, కొన్ని రంగులు ఎక్కించాం. ఒక మజిలీలో లెక్క ప్రకారం ఉండాల్సిన దానికంటే రెండు డీబీల పైన ఎక్కువ నష్టం కనబడింది. తెల్లారేలోపు సర్వీసు ఎక్కించాలి, పైనుంచి ఫోన్లు, టెన్షన్. నేను ముందు స్టేషన్‌లో ఆంప్లిఫైయర్ శక్తి పెంచమన్నాను. పెంచారు. ఆ చానల్ లేచింది, పక్క చానళ్లలో తప్పులు మొదలయ్యాయి. ఇంకొంచెం సర్దమన్నాను, ఇంకోచోట తప్పులు వచ్చాయి.

మా జట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు, పోగులను అతికించే స్ప్లైసింగ్ పని. ఆయన అన్నాడు, "సార్, పెంచడం ఆపండి. వెలుగు ఎక్కడో కారిపోతోంది. చిల్లు వెతుకుదాం." ఓటీడీఆర్ 1310లో పెట్టి చూశాం, గీత చక్కగా ఉంది. 1550లో పెట్టాం. ఇరవై కిలోమీటర్ల దగ్గర ఒక మెట్టు దిగింది. ఆ తేడా చూడగానే ఆయనకు అర్థమైంది. వంపు దగ్గర పొడవైన తరంగమే ఎక్కువ బయటికి జారిపోతుంది. పొట్టి తరంగానికి ఆ వంపు తెలియను కూడా తెలియదు. టార్చిలైట్ వెలుగులో గుంత తవ్వి, అతుకులను కాపాడే పెట్టె, జాయింట్ క్లోజర్ విప్పితే, ట్రే మూత కింద ఒక పోగు చుట్ట బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడో ఎవరో తొందరలో మూత నొక్కేశారు. చుట్టను వదులుగా తీసి, జాయింట్ మళ్లీ చేశాం. అంతే, రెండు డీబీలు తిరిగొచ్చాయి. శక్తిని మునుపటి స్థాయికి దించాక అన్ని చానళ్లూ శుభ్రంగా నడిచాయి. ఆయన చదివింది పదో తరగతి. ఆ రాత్రి నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఇవాళ మీకు చెబుతున్నాను.

రెండు డీబీలేగా అనుకోకండి. 80 కిలోమీటర్ల మజిలీలో నాలుగు కిలోమీటర్లకు ఒక డ్రమ్ము కేబుల్ వేస్తే ఇరవై దాకా జాయింట్లు వస్తాయి. ఒక్కో జాయింట్ 0.05 డీబీతో చేస్తే మొత్తం 1 డీబీ. పర్వాలేదులే అని 0.15తో వదిలేస్తే 3 డీబీ. ప్రతి మజిలీలోనూ ఆ రెండు డీబీల తేడా ఉంటే, శబ్దం లెక్కలో 1,000 కిలోమీటర్లు వెళ్లాల్సిన సిగ్నల్ 630 దగ్గరే ఆగిపోతుంది. కోట్లు పెట్టి కొన్న పరికరాల తెలివంతా ఆ పర్వాలేదు దగ్గర ఖర్చయిపోతుంది.

మూడో పని తెలివిది. దీన్ని కొంచెం వేగంగా చెబుతాను. మీ సిలబస్‌లో ఉంది. 2008, 2010 ప్రాంతాల దాకా మనం ఎక్కువగా వెలుగును వెలిగించి ఆర్పడమే చేశాం. వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. వెలుగు ఒక తరంగం, దానికి దశ ఉంది, ధ్రువణం ఉంది. అవన్నీ పారేసేవాళ్లం. ఆ తర్వాత వచ్చిన కోహెరెంట్ రిసీవర్‌లో అందుకునే చోట మరో లేజర్ పెట్టి, వచ్చిన వెలుగును దానితో కలిపి, తరంగం పూర్తి ఆకారాన్ని పట్టుకుంటారు. రెండు ధ్రువణాలు, ఒక్కోదానిలో రెండు అక్షాలు, మొత్తం నాలుగు దారులు. ఆకారమంతా చేతికొచ్చాక అలుక్కుపోయినదాన్ని చిప్‌లో లెక్కవేసి తిరిగి విడదీయవచ్చు. ప్రదక్షిణలో చెల్లాచెదురైన బృందాన్ని, ఎవరెవరు ఎంత వేగంతో నడుస్తారో తెలుసు కాబట్టి, చివర్లో పేర్లు పిలిచి మళ్లీ ఒకచోట నిలబెట్టినట్టు. దాంతో డిస్పర్షన్ తగ్గించే ఫైబర్ చుట్టలు దారి పొడవునా పెట్టాల్సిన పని తప్పింది. ఆ చుట్టల వల్ల పోయే డీబీలూ మిగిలాయి. దీనికి తోడు తప్పులు దిద్దే కోడ్‌లు. పంపే బిట్లకు ఇరవై శాతం దాకా అదనపు బిట్లు కలిపి, దారిలో పాడైనవాటిని అవతల సరిచేసుకుంటాం.

ఈ తెలివికి కూడా ఒక హద్దుంది. శబ్దం ఉన్న దారిలో ఎంత సమాచారం పంపవచ్చో చెబుతూ 1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ గీసిన గీత అది. ఇది బోర్డు మీద చూడండి. ఒక పోగులో సిగ్నల్ బలం శబ్దానికి 15 రెట్లు ఉందనుకుందాం. ఒకటి కలిపితే 16. 16 అంటే రెండును నాలుగుసార్లు గుణించడం, అంటే ఒక్కో గుర్తుకు 4 బిట్లు. ఇప్పుడు అదే శక్తిని రెండు పోగులకు పంచుదాం. ఒక్కోదానిలో 7.5 రెట్లు. లెక్క వేస్తే ఒక్కోదానికి 3.1 బిట్లు, రెండూ కలిపి 6.2. నాలుగు పోగులకు పంచితే మొత్తం 9. శక్తి మారలేదు. పంచుకున్నందుకే రెట్టింపు దాటింది.

సముద్ర కేబుళ్లు ఇప్పుడు నడుస్తున్నది ఈ లెక్క మీదే. అరవై నుంచి వంద కిలోమీటర్లకు ఒకటి చొప్పున అడుగున ఆంప్లిఫైయర్లుంటాయి. వాటికి కరెంటు ఒడ్డు నుంచే వెళ్లాలి. పోగుల చుట్టూ ఉన్న రాగి గొట్టంలో సుమారు ఒక ఆంపియర్ కరెంటును వేల వోల్టులతో తోస్తారు. అంతకంటే ఎక్కువ తోయడానికి లేదు. ఉన్న ఆ కొద్ది కరెంటును తక్కువ పోగుల్లో గట్టిగా వాడటం మేలా, ఎక్కువ పోగుల్లో మెల్లగా వాడటం మేలా? 2017లో అమెరికా, స్పెయిన్ మధ్య పూర్తయిన మారియా కేబుల్‌లో ఎనిమిది జతల పోగులు, సెకనుకు 160 టెరాబిట్లకు రూపొందించారు. తర్వాత అమెరికా, ఫ్రాన్స్ మధ్య వచ్చిన డ్యూనాంట్‌లో పన్నెండు జతలు పెట్టి, పంప్ లేజర్లను జతల మధ్య పంచుకునేలా చేసి 250 టెరాబిట్లకు వెళ్లారు. ఒక్కో పోగులో గొంతు తగ్గించారు, మొత్తం మాట పెరిగింది.

మన దగ్గరికి వద్దాం. అండమాన్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ హాల్లో కూడా బంధువులు అక్కడ ఉన్నవాళ్లు ఉండే ఉంటారు. 2020 ఆగస్టు దాకా అక్కడి ఇంటర్నెట్ ఉపగ్రహం మీదే ఆధారపడేది. 36,000 కిలోమీటర్లు పైకి, మళ్లీ అంతే కిందికి. ఆ నెలలో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, ఇతర దీవులకూ సుమారు 2,300 కిలోమీటర్ల సముద్ర కేబుల్ ప్రారంభమైంది. ఇప్పుడు చెన్నై నుంచి అక్కడికి వెలుగు చేరడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఒక నర్సు అక్కడి ఆసుపత్రిలో స్కాన్ తీసి మెయిన్‌ల్యాండ్‌కు పంపితే అది వెంటనే తెరుచుకుంటుందా లేదా అన్నది మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న డీబీల మీదే ఆధారపడి ఉంటుంది. నాకు ఈ పని మీద ఇంత ప్రేమ ఎందుకని అడిగితే నేను చెప్పే జవాబు అదే.

నేల మీద కూడా మన రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కేబుల్‌ను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ కోసం గొట్టాలు వేశారు. స్తంభం మీద పని తొందరగా అవుతుంది, తవ్వకం ఖర్చు లేదు, కానీ గాలి, ఎండ, తుపాను అన్నీ దాని మీదే. హుద్‌హుద్ చూసిన ఊరికి నేను వేరే చెప్పక్కర్లేదు. నేలలో ఉన్నదానికి జేసీబీ భయం. నా మట్టుకు వీలైన ప్రతిచోటా నేలలోనే వేయాలంటాను.

ఇక ముందు రోజులు. 2025 అక్టోబరులో గూగుల్ ఈ ఊళ్లో ఏఐ హబ్‌తో పాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు ఒడ్డెక్కే కేంద్రాన్ని తెస్తామని ప్రకటించింది. ఇన్నాళ్లూ మన దేశానికి వచ్చే కేబుళ్లలో ఎక్కువ ముంబైకి, చెన్నైకి చేరేవి. తూర్పు తీరంలో ఇంకో చోటు ఉండటం చాలా అవసరం. ఒకచోట లంగరు తగిలి తెగితే ఇంకో దారి ఉంటుంది. ఆ పని వస్తే దానికి మనుషులు కావాలి. ఆ మనుషులు మీరు కావాలని నా కోరిక.

గాజు విషయంలో కూడా కథ ఆగలేదు. 2017లో జపాన్‌లోని సుమిటోమో కంపెనీ లోపల బోలు లేని గాజుపోగును కిలోమీటరుకు 0.1419 డీబీ దాకా తెచ్చింది. ఇంకా కిందికి పోవాలంటే గాజే అడ్డం కదా, రాలీ గారు వదలరు. మరి గాజునే తీసేస్తే? సౌతాంప్టన్‌లో అదే చేశారు. పోగు నడిమధ్య బోలుగా ఉంటుంది, చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడిన పలచని గాజు గొట్టాలు. వెలుగు గాలిలోనే నడుస్తుంది. 2025లో వాళ్లు 0.091 డీబీ చూపించారు. 15 కిలోమీటర్లకు సగమయ్యే వెలుగు ఇప్పుడు 33 కిలోమీటర్లకు సగమవుతుంది. గాజులో సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు నడిచే వెలుగు ఇందులో దాదాపు 3 లక్షలు నడుస్తుంది. గాజు లేదు కాబట్టి కెర్ బాధ కూడా చాలావరకు లేదు. ఇన్నాళ్లూ మెల్లగా మాట్లాడమని చెప్పిన నేను, ఈ పోగులో మాత్రం కాస్త గొంతు పెంచవచ్చని ఒప్పుకోవాలి. జాయింట్లు చేయడం, కిలోమీటర్ల కొద్దీ ఒకేలా తయారుచేయడం ఇప్పటికీ కష్టమైన పనులు. అవి మీ తరం తేల్చాలి.

ఒకటి మర్చిపోయాను. ఇందాక రామన్ ఆంప్లిఫైయర్ గురించి చెప్పాను కదా. అందులో పంప్ వెలుగు వందల మిల్లీవాట్లు ఉంటుంది. కనెక్టర్ మొన మీద దుమ్ము కణం ఒక్కటి ఉన్నా, ఆ వెలుగుకు అది అక్కడే కాలి గాజుకు అతుక్కుపోతుంది. ఆ కనెక్టర్ ఇక పనికిరాదు. నేను చూసిన స్టేషన్లలో చెడిపోయిన రామన్ కార్డులకు కారణం చాలాసార్లు ఒక తుడవని మొన. ముందు మైక్రోస్కోపులో చూడండి, తుడవండి, మళ్లీ చూడండి, అప్పుడు పెట్టండి. ఆ వెలుగు కంటికి కనబడదు, కానీ కన్ను పోగొడుతుంది. పోగు చివరలోకి ఎప్పుడూ తొంగి చూడొద్దు.

ఇక మాటలు చాలు. అక్కడ బల్ల మీద పోగులను అతికించే స్ప్లైసర్, నున్నగా కోసే క్లీవర్, రెండు చుట్టల ఫైబర్ పెట్టాం. నలుగురు నలుగురుగా రండి. ఒక్కొక్కరూ ఒక జాయింట్ చేసి, ఓటీడీఆర్‌లో ఎంత వచ్చిందో ఆ కాగితం మీద మీ పేరు పక్కన రాయండి. 0.05 దాటితే తెంపేసి మళ్లీ చేయండి, తొందరేం లేదు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. తెగిన ముక్కలు కింద పడేయకండి, కాళ్లలో దిగితే కనబడవు. పసుపు డబ్బాలో వేయండి. అమ్మా, ముందు మీరు రండి.